బీరువాలో గ్లౌజులు

బూట్లు తొడుక్కుంటూనే మార్తమ్మ బొడ్డులో దోపుకున్న తాళంచెవిని తడుముకుంది. పొద్దున్నుంచి పదోసారో పన్నెండోసారో. కైకలూరు దగ్గరి ఆ రొయ్యల కంపెనీలో ఆమెకి పదకొండేళ్లు. ఐసునీళ్లలో నానీ నానీ వేళ్లు తెల్లగా ముడతలు పడ్డాయి. గోళ్ల చుట్టూ చర్మం పొరలు లేచింది.

షెడ్డు మూలనున్న బీరువా తెరిచి అందరికీ గ్లౌజులు పంచింది. ఇవాళ సరుకు కొనే బయ్యర్లు తనిఖీకి వస్తున్నారు. వాళ్లు వెళ్లగానే వాటిని వెనక్కి తీసుకుని, కడిగి ఆరబెట్టి, తాళం వేసేయాలి. మొదట్నుంచీ అదే పద్ధతి. నమ్మకస్తురాలని ఆ పని మార్తమ్మకి అప్పగించారు.

"చుట్టాలొస్తేనే గాజుగ్లాసులు బయటికి తీసినట్టుందక్కా మన బతుకు!" అంది సీతారత్నం.

అందరూ నవ్వారు. మార్తమ్మ నవ్వలేదు. ఎదురుగా జాయ్సీ నిలబడే చోటు ఖాళీగా ఉంది.

కిందటిసారి బయ్యర్లు వెళ్లిన సాయంత్రం జాయ్సీ బతిమాలింది. "రొయ్య ముల్లు దిగిందక్కా, నాలుగు రోజులు ఉంచుకుంటాను."

"సారు ఒప్పుకోరమ్మా" అని మార్తమ్మే ఆ చేతి గ్లౌజు లాగేసుకుంది. చెయ్యి మోచేతి దాకా వాచింది. ఏలూరు ఆసుపత్రిలో చూపుడువేలు తీసేశారు, ఇంకా అక్కడే ఉంది. కంపెనీ నుంచి ఒక్కరూ వెళ్లలేదు. మార్తమ్మకీ మొహం చెల్లలేదు.

మధ్యాహ్నం బయ్యర్లు ఫొటోలు తీసుకుని వెళ్లారు. మేనేజరు ఈశ్వరప్రసాద్ హుషారుగా వచ్చాడు.

"మనుషులు నిలబడట్లేదేంటండీ మార్తమ్మగారూ? ఈ వారం ముగ్గురు మానేశారు. మీ పేటలో ఎవరైనా ఉంటే తీసుకురండి."

"తెస్తానండీ. ఈ గ్లౌజులు మాత్రం వాళ్ల దగ్గరే ఉంచేద్దామండీ."

"చూద్దాం లెండి. ముందు లోపల పెట్టించండి."

"పోనీ, జాయ్సీని చూడ్డానికి ఎవరైనా..."

"అదీ చూద్దాం లెండి." ఫోను చెవికి ఆనించుకుని వెళ్లిపోయాడు.

గుండుగొలను దాటాక పెట్టిన కొత్త కంపెనీ ఆమెకి రెండుసార్లు కబురు పంపింది. అక్కడ చేరిన రోజే గ్లౌజులు ఇస్తారట, షెడ్డు పక్కనే నర్సు ఉంటుందట, తీసుకెళ్లడానికి రోజూ వ్యాను వస్తుందట. అలవాటైన చోటు వదల్లేక ఇన్నాళ్లూ ఆమే తాత్సారం చేసింది.

సాయంత్రం బెల్లు కొట్టారు. ఆడవాళ్లు గ్లౌజులు విప్పి టబ్బులో వేయబోయారు. మార్తమ్మ టబ్బుని కాలితో పక్కకి నెట్టింది.

"ఇళ్లకి పట్టుకెళ్లండి. రేపు ఇవి తొడుక్కున్నాకే పనిలో దిగండి."

"సారు అడిగితేనో?"

"మార్తమ్మ ఇచ్చిందనండి."

సీతారత్నం ఆమె మొహంలోకి చూసి గొంతు తగ్గించింది. "గుండుగొలను వ్యానులో నాకూ ఓ సీటు చూడక్కా."

మార్తమ్మ కుళాయి దగ్గరికి నడిచింది. తన గ్లౌజులు మాత్రం ఎప్పటిలాగే సబ్బుతో కడిగింది. చెప్పులు వేసుకుని, గేటు దాటి ఏలూరు బస్సెక్కింది. దారి పొడుగునా ఆమె చెయ్యి ఖాళీ బొడ్డుని తడుముతూనే ఉంది.

మర్నాడు ఈశ్వరప్రసాద్ వచ్చేసరికి మార్తమ్మ బల్ల దగ్గర ఎవరూ లేరు. బీరువా బార్లా తెరిచి ఉంది, తాళంచెవి తాళంలోనే ఉంది. పక్కన తీగ మీద ఒక్క జత గ్లౌజులు, వేళ్లు కిందికి వేలాడుతూ, ఇంకా తడిగానే ఉన్నాయి.