మిగిలిపోయిన స్క్రూ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ శనివారం మాత్రం నెత్తికెక్కింది.

మా బావ, అంటే అక్క మొగుడు, గడియారాలు బాగుచేస్తాడు. రెండేళ్ల క్రితం చూపు మందగించింది. భూతద్దం పెట్టినా స్క్రూలు మసకే. అప్పటినుంచి గడియారాన్ని యూఎస్‌బీ కెమెరా కింద పెట్టి, కంప్యూటర్ తెరమీద పెద్దదిగా చూస్తూ పని చేస్తున్నాడు. ఆ కంప్యూటర్ ఇవాళో రేపో అన్నట్టుంది. కొత్తదానికేమో ఆ కెమెరాతో మాట్లాడే ప్రోగ్రాం, అదే డ్రైవర్, లేదు. తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. వేరే కెమెరాలూ తెచ్చి చూశాం. వాటి కింద పట్టకారు ఆడించేంత చోటు లేదు.

"ఇదీ పోతే కొట్టు మూసేస్తానే," అన్నాడు బావ. తమాషాకి అనలేదు. అక్క ఆ మాట విని లేచి లోపలికి వెళ్లిపోయింది.

"నేను బతికుండగా మూయనిస్తానా? డ్రైవర్ లేకపోతే పీడా పోయె, నేనే రాస్తా!" అన్నాను. ప్రోగ్రాములు రాయడమే కదా నా ఉద్యోగం.

నాకు పని నేర్పింది బావే. నాకు పదేళ్లప్పుడు ఒక అలారం గడియారం ఇచ్చి విప్పమన్నాడు. తీసిన ప్రతి ముక్కనూ తెల్లకాగితం మీద వరసగా పెట్టాలి, వరస తప్పకుండా తిరిగి బిగించాలి. బిగించాక ఒక స్క్రూ మిగిలింది. గడియారం నడిచింది, అలారం మోగలేదు.

"గడియారంలో ఎక్కువ స్క్రూ అంటూ ఉండదే పిల్లా," అని పడీ పడీ నవ్వాడు.

ఇప్పుడూ అదే పద్ధతి. కెమెరానీ పాత కంప్యూటర్‌నీ మా ఇంటికి తెచ్చుకున్నాను. పాత కంప్యూటర్ కెమెరాకి పంపే ఆదేశాలన్నీ పట్టుకుని, తెల్లకాగితం మీద వరసగా రాసుకున్నాను. నలభై ఒకటి తేలాయి. అందులో ఒకటి పెట్టినా తీసినా బొమ్మలో తేడా లేదు. దండగ అని కొట్టేశాను. మా ఇంట్లో కిటికీ పక్కన బొమ్మ బ్రహ్మాండంగా వచ్చింది.

శనివారం కెమెరానీ కొత్త కంప్యూటర్‌నీ కొట్టుకి తీసుకెళ్లాను. మెట్ల కింద కొట్టు, పగలే చీకటి. తగిలిస్తే తెరంతా నలుపు!

"ఏం మాయరోగం దీనికి!" కేబుల్ మార్చాను, ప్రోగ్రాం మళ్లీ నడిపాను, గంటసేపు కంప్యూటర్‌ని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాను. బావ మాత్రం కెమెరా కింద చెయ్యి పెట్టి కదలకుండా కూర్చున్నాడు.

"ఇదివరకు వేళ్లకి వెచ్చగా తగిలేదే. ఇప్పుడు చల్లగా ఉంది."

నేను నాలుక్కరుచుకున్నాను. కెమెరా మూతి చుట్టూ చిన్న బల్బులుంటాయి. నేను కొట్టేసిన ఆదేశం వాటిని వెలిగించేది. కిటికీ వెలుతురులో ఆ తేడా నాకు తెలియలేదు.

ఆ ఒక్క ఆదేశం తిరిగి పెట్టాను. బల్బులు వెలిగాయి. బావ సొరుగులోంచి ఒక కాగితం పొట్లం తీసి, అందులోది కెమెరా కింద పెట్టాడు. తెరమీద అరచేయంత స్క్రూ.

"గుర్తుపట్టావా? నీదే."

"ఇన్నేళ్లూ దాచావా! నన్ను ఏడిపించడానికా?"

"మరి?" తెర చూస్తూ పట్టకారు దించాడు. మొదటిసారికే స్క్రూ దొరికింది. "బతికించావే తల్లీ."

"నువ్వు నేర్పిన పనే కదా బావా. నీ రుణం నేనెప్పుడు తీర్చుకోను?" కళ్లు తుడుచుకున్నాను.

"ఆ అలారం గడియారం ఉందా?"

"ఉంది. ఇప్పటికీ మోగదు."

"సోమవారం పొద్దున్నే పట్రా. కొట్టు తెరవగానే మొదటి పని అదే."