రెండు కళ్ళ కొబ్బరి చిప్ప

నేను ఒక కొబ్బరి చిప్పను. నవ్వకండి. నాలో నలుగురు కృష్ణులు, పదకొండు మంది దుర్యోధనులు, మీసాలు గీయించుకుని వచ్చిన ఎందరో ద్రౌపదులు తయారయ్యారు. అదంతా పాత సంగతి. మొన్న మార్చిలో ఒక మధ్యాహ్నం, ఒక ఆడపిల్ల వేదిక ఎక్కుతుందా, మొహం కడుక్కుని ఇంటికి వెళ్లిపోతుందా అన్నది నా అడుగున కలిసిన చెంచాడు రంగు తేల్చింది. ఆ సంగతి చెప్పాలంటే నేను పగిలిన రోజు దగ్గర మొదలుపెట్టాలి.

పాలకొల్లులో ఒక నాటకం. తెర లేచే ముందు కొబ్బరికాయ కొట్టడం ఆనవాయితీ. ఆ సాయంత్రం కొట్టింది నన్నే. ఒక్క దెబ్బకి రెండు ముక్కలయ్యాను. కొబ్బరి ప్రసాదంగా పంచేశారు. కళ్ళు లేని చిప్ప ఎటు పోయిందో తెలియదు. కళ్ళున్న చిప్పని, అంటే నన్ను, మేకప్ వేసే పెచ్చెట్టి రాఘవులు తీసుకున్నాడు. అతను రంగులు కలుపుకునే పింగాణీ గిన్నె కాసేపటి క్రితమే దుర్యోధనుడి గద తగిలి పగిలింది మరి.

రాఘవులు నన్ను గాజుపెంకుతో గీకి, గరుకు కాగితంతో రుద్ది నున్నగా చేశాడు. నాకున్న మూడు కళ్ళలో ఒకటి మెత్తన. అందులోంచి నూనె కారిపోతుందని లక్క కరిగించి మూసేశాడు. మిగిలినవి రెండు. మనుషులకీ రెండే కదా అని సరిపెట్టుకున్నాను.

చిక్కేమిటంటే నా కళ్ళు అడుగున ఉంటాయి. గుడ్డ కుదురులో కూర్చోబెడితే నాకు వినిపించడమే తప్ప ఏమీ కనిపించదు. ఎవరైనా అంచు పట్టుకుని తనవైపు వంచుకుంటే అప్పుడు నా కళ్ళు ఎదుట కూర్చున్న మనిషి వైపు తిరుగుతాయి. పని ఉంటేనే చూపు. పని లేకపోతే చీకటి.

పని ఉన్న రోజుల్లో ఎంత చూశానని! ఎదురుగా బనీను, లుంగీ, నోట్లో చుట్ట. పగలంతా బియ్యం మిల్లులో గుమాస్తా. రాఘవులు నాలో సఫేదా అనే తెల్లపొడి, పసుపు రంగు, ఎర్ర రంగు వేసి కొబ్బరి నూనెతో కలిపేవాడు. అతని వేళ్ళు ఆ మొహం మీద పది నిమిషాలు తిరిగేసరికి, ఎవరూ చెప్పకుండానే గుమాస్తా చుట్ట పారేసేవాడు. వెన్ను నిటారయ్యేది. చూపు మారేది. చివరికి అద్దంలో తన మొహం చూసుకుని తనే రెండు చేతులూ జోడించేవాడు. ఎవరికి పెడుతున్నాడు ఆ దండం? కాసేపటి క్రితం వరకు ఆ కుర్చీలో లేని మనిషి ఎక్కణ్ణుంచి వచ్చాడు? ఎన్ని వందలసార్లు చూసినా నా ఒళ్ళు జలదరించేది. చిప్పకి ఒళ్ళేమిటని అడక్కండి.

ఒక్కసారి మాత్రం అలా ఎవరూ రాలేదు.

గవర్రాజు అని, బండి తోలేవాడు. గొంతెత్తితే పందిరి గుంజలు ఊగేవి. మనిషి నల్లగా నిగనిగలాడేవాడు. అతనికి కర్ణుడి వేషం. రాఘవులికి అప్పటికింకా అనుభవం చాలదు. రాజంటే ఎర్రగా బుర్రగా ఉండాలనుకుని సఫేదా ఎక్కువ వేసి, మొహమంతా మందంగా పట్టించేశాడు. దీపాల ముందుకి వెళ్లేసరికి నలుపు మీది తెలుపు కాస్తా బూడిదైంది. ముందు వరసలోంచి ఎవడో, “పొయ్యిలోంచి లేచొచ్చాడ్రోయ్” అన్నాడు. పందిరంతా నవ్వింది. గవర్రాజు పద్యం మధ్యలో ఆగిపోయింది. గుంజలు ఊపే గొంతు.

లోపలికొచ్చి అతను కోప్పడలేదు. తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ ఒకే మాటన్నాడు.

“నన్ను తెల్లోణ్ణి చెయ్యమన్లేదురా అబ్బాయ్. రాజుని చెయ్యమన్నాను.”

మర్నాడు పొద్దున్నే రాఘవులు నన్ను తీసుకుని గవర్రాజు ఇంటికెళ్లాడు. గుమ్మంలో, ఎండపొడలో కూర్చోబెట్టి అతని చెయ్యి పట్టుకుని చూశాడు. వారం రోజులు అదే పని. అప్పటినుంచి అతని పద్ధతే మారిపోయింది. ముందు పగటి వెలుతుర్లో మనిషిని చూడాలి. ఆ తర్వాతే నాలో రంగు పడాలి.

కాలం గడిచింది. నాటకాలు తగ్గాయి. రాఘవులు చేతులు వణకడం మొదలైంది. నేను అలమారలోకి వెళ్లాను. చాలా ఏళ్ళు కుదురు, చీకటి, బొద్దింకలు.

నన్ను బయటికి తీసింది అతని మనవరాలు ఇందుమతి. “భలే ఉందే ఈ చిప్ప” అని మెచ్చుకుని, నా నిండా పిన్నీసులు పోసింది. కృష్ణుణ్ణి తయారుచేసిన గిన్నెకి మనుషులిచ్చిన పదవి అది. ఇందు విజయవాడలో మూడు నెలలు మేకప్ కోర్సు చేసి, ఇంటి ముందుగదిలో పెద్ద అద్దం, గుండ్రటి దీపం పెట్టుకుని బోర్డు కట్టింది. రాఘవులు ఆ గదిలోకి వచ్చేవాడు కాదు. వీధి అరుగు మీద కూర్చుని లోపలి మాటలు వినేవాడు.

ఒకరోజు పొద్దున్నే ఇందు గొంతు హుషారుగా వినిపించింది.

“తాతయ్యా, రేపు పన్నెండున్నరకి నా మొదటి కస్టమరు. డిగ్రీ అమ్మాయి. నాలుగింటికి వాళ్ళ కాలేజీలో ఫేర్‌వెల్.”

ఆ రోజంతా సన్నాహమే. బ్రష్షులన్నీ షాంపూతో కడిగి తువ్వాలు మీద ఆరబెట్టింది. కుర్చీ తుడిచింది. ఆ అమ్మాయికి ఫోన్లో జాగ్రత్తలన్నీ చదివి వినిపించింది.

“కనుబొమలు చేయించుకున్నారు కదా? ఇంక ఈ రెండ్రోజులూ మొహానికి పసుపు, సున్నిపిండి పెట్టకండి. తలస్నానం ఇవాళే చేసెయ్యండి. రేపు ముందు బొత్తాలున్న చొక్కా వేసుకు రండి. తల మీంచి తీసేదైతే మేకప్పంతా చెరిగిపోద్ది.”

తర్వాత సీసాల చప్పుడు. ఆ అమ్మాయి పంపిన ఫొటో పక్కన ఒక్కో ఫౌండేషన్ సీసా పెట్టి రంగు సరిచూస్తోంది.

“పిల్లని చూశావా?” అన్నాడు అరుగు మీంచి రాఘవులు.

“ఫొటో ఉంది తాతయ్యా.”

“చెయ్యి పట్టుకుని చూశావా అంటున్నాను.”

“ఇప్పుడలా ఎవరూ చూడరు. అన్నీ ఫోన్లోనే.”

“అయితే ఫోనుకే వెయ్యవే మేకప్పు.”

ఇందు నవ్వేసింది. నేను నవ్వలేదు. నాకు గవర్రాజు గుర్తొచ్చాడు.

మర్నాడు పన్నెండున్నరకి చెప్పుల చప్పుడు. ఇద్దరు. అమ్మాయి పేరు మణిదీప. వెంట వాళ్ళ పిన్ని సుగుణ.

“మా నాన్న చొక్కా వేసుకొచ్చానక్కా. ముందు బొత్తాలున్నది నాకేదీ లేదు” అంది మణిదీప.

ఇందు ఒక్కో సీసా ఎత్తి మళ్ళీ పెట్టేస్తున్న చప్పుడు. ఫొటోలో పిల్ల వేరు, ఎదురుగా ఉన్న పిల్ల వేరు అని నాకు అక్కడే అర్థమైంది.

“ఫొటో కంటే నల్లగా ఉన్నాను కదక్కా?” అంది మణిదీప మెల్లగా. “నా ఫోను దానంతటదే తెల్లగా చేసేస్తది. ఎలా ఆపాలో తెలీదు.”

“ఏం పర్లేదు, కూర్చోండి” అంది ఇందు. పర్లేదు అనే మాటని మనుషులు ఎప్పుడు వాడతారో నాకు బాగా తెలుసు.

పని మొదలైంది. మాటల్లో మణిదీప సంగతి బయటికొచ్చింది. ఈ రోజు సభంతా నడిపించేది తనే. మొదటి నమస్కారం నుంచి చివరి మాట దాకా మైకు ఆమె చేతిలోనే. మూడేళ్ళలో మొదటిసారి అడిగి మరీ తీసుకుంది. ఇన్నాళ్ళూ అడగకపోవడానికి కారణముంది. రెండేళ్ళ క్రితం ఎవరి పెళ్లిలోనో ఒకావిడ ఆమెకి ఊరికే పౌడరు, క్రీము పట్టించేసింది. ఆ ఫొటో ఎవరో తరగతి గ్రూపులో పెట్టారు. ఆ తర్వాత ఆమె ఏ మాట రాసినా కింద ఆ బూడిద మొహం బొమ్మే జవాబుగా వచ్చేది.

“అందుకే ముందే చెప్తున్నానక్కా. తెల్లగా వద్దు. నా మొహం నా మొహంలా ఉంటేనే స్టేజీ ఎక్కుతాను. లేదంటే ఇంటికెళ్లిపోతాను.”

“ఒసే, కొంచెం తెల్లగా వస్తే నీకేం నొప్పి?” అంది పిన్ని. “నువ్వెయ్యమ్మా, దాని మాట వినకు.”

ఇందు దగ్గరున్న సీసాల్లో అన్నిటికంటే ముదురుది కూడా ఆ పిల్ల కంటే నాలుగు మెట్లు తెలుపని తర్వాత తెలిసింది. ఆ కోర్సులో నేర్పించినవాళ్ళు పాలకొల్లు ఎండ ఎప్పుడూ చూసి ఉండరు. అయినా ఇందు అదే వేసింది. గంటకు పైగా పట్టింది. పిన్ని, “బొమ్మలా ఉంది” అంది. అంతలో ఫోను కెమెరా చిటుక్కుమంది.

మణిదీప ఆ ఫొటో చూసుకున్నట్టుంది.

“మళ్ళీ అదే” అంది మణిదీప. ఏడుపు లేదు. గొంతులో ఏమీ లేదు. “మెడ చూడు పిన్నీ. చేతులు చూడు. మళ్ళీ అదే బొమ్మ.” దూది తీసుకుని బుగ్గలు రుద్దుకుంటున్న చప్పుడు. మరో చేత్తో ఫోను చేసింది. “హలో మేడమ్, నేను మణిదీపనండి. ఇవాళ మైకు వేరేవాళ్ళకి...”

“ఒక్క నిమిషం” అంది ఇందు. “రెండు పది అయింది. మూడింబావు దాకా నాకు టైమివ్వు. నీ కాళ్ళు పట్టుకుంటాను.”

మణిదీప ఫోనులో, “మళ్ళీ చేస్తాను మేడమ్” అంది. ఇందు అడుగులు అరుగు వైపు పరిగెత్తాయి.

“తాతయ్యా, పాడుచేశాను.”

రాఘవులు ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. “మొహం కడిగించి ఆ పిల్లని గుమ్మంలో కూర్చోబెట్టు. నీ గదిలో సూర్యుణ్ణి ఆర్పెయ్. ఆ చిప్ప తే.”

పిన్నీసులు బల్ల మీద గలగలమని ఒలికాయి. ఎన్నో ఏళ్ళ తర్వాత నన్ను ఎవరో అంచు పట్టుకుని వంచారు.

వెలుతురు.

గుమ్మంలో పీట మీద గళ్ళ చొక్కాలో ఒక పిల్ల. తడి మొహం. ముదురు నలుపు, దాని అడుగున నిప్పులాంటి ఎరుపు. గవర్రాజు రంగు అది. నేను నమ్మలేకపోయాను.

“చెయ్యి ఇలా ఎండలో పెట్టమ్మా” అన్నాడు రాఘవులు. వణికే వేళ్ళతో మణికట్టు పట్టుకుని చూశాడు. “ఇందూ, నీ దగ్గర ముదురు గోధుమ రంగు క్రీముందా?”

“బుగ్గల పక్కన నీడకి వాడేది ఉంది.”

“వెయ్యి. నీ ఫౌండేషన్ అందులో సగం. ఎర్ర లిప్‌స్టిక్ గోరంత.”

నాలో రంగులు కలిశాయి. ఇందు ఒక చుక్క తీసి దవడ కింద రాసింది. చుక్క కనిపించింది. “కాదు” అన్నాడు. మళ్ళీ కలిపింది. కనిపించింది. ఇంకా ముదురు. ఇంకొంచెం ఎరుపు. నాలుగోసారి రాసిన చుక్క, మేమందరం చూస్తుండగానే, లేకుండా పోయింది. రాసిన చోటు ఎక్కడో ఇందుకి కూడా తెలియలేదు. పిన్ని ముందుకి వంగి వెతికింది.

“కనపడ్డం మానేసింది కదా” అన్నాడు రాఘవులు. “అదే ఈ పిల్ల రంగు. ఇప్పుడు కళ్ళ కింద, మూతి చుట్టూ నలుపున్న చోట ముందు ఎరుపు పల్చగా రాయి. దాని మీద ఇది. వేళ్ళతో. మొహానికి వేళ్ళ వెచ్చదనం తగలాలి.”

అతని చేతులు చెయ్యలేవు. ఇందు చేతులు చేశాయి. నేను ఎదురుగా ఉన్నాను. ఆ మొహం మీద ఏదీ చేరడం లేదు. అక్కడున్నదే ఒక్కొక్కటిగా పైకి వస్తోంది. బుగ్గ ఎముక వచ్చింది. నుదురు వచ్చింది. కళ్ళకి కాటుక పెట్టేసరికి ఆ పిల్ల భుజాలు వెనక్కి వెళ్లాయి. వెన్ను నిటారైంది. ఆ కదలిక నాకు తెలుసు. నాలో రంగు అయిపోవచ్చిందని తెలిసి కూడా ఇంకాసేపు ఉండనివ్వమని వేడుకున్నాను.

మూడూ పది. ఇందు ఆమెని అద్దం దగ్గరికి తీసుకెళ్లింది. నేనింకా ఇందు చేతిలోనే ఉన్నాను కాబట్టి చూశాను.

మణిదీప చాలాసేపు చూసుకుంది. చెయ్యి ఎత్తి బుగ్గ పక్కన పెట్టింది. రెండూ ఒకటే రంగు. అప్పుడా పిల్ల అద్దానికెదురుగా నిలబడి రెండు చేతులూ జోడించింది.

“సభకు నమస్కారం” అంది. “ఈ సాయంత్రం మీ అందరినీ...”

వేదిక మీద చెప్పాల్సిన మొదటి మాట సరిచూసుకుంటోంది. అంతే. అయినా నా ఒళ్ళు జలదరించింది. అరుగు మీద రాఘవులు కళ్ళు తుడుచుకుని, ఆపరేషన్ అయిన కన్ను కారుతోందన్నాడు. మనుషులు ఇలాంటి వాటికి ఏదో ఒక కారణం సిద్ధంగా పెట్టుకుంటారు.

చీర కట్టుకుని, పిన్నీసులు గుచ్చుకుని, నాన్న చొక్కా సంచిలో పెట్టుకుని ఆమె ఆటో ఎక్కింది. సాయంత్రం సుగుణ వీడియో పంపింది. ఇందు ఫోను తెచ్చి చూపిస్తే రాఘవులు తెరవైపు చూడలేదు. చెవి దగ్గర పెట్టించుకుని విన్నాడు.

“గొంతు ఆగలేదు. మొహం కుదిరింది” అన్నాడు.

వారం తిరక్కుండా ఇంకో అమ్మాయి ఫోను చేసింది. ఇందు జాగ్రత్తలన్నీ చదివింది. తలస్నానం, బొత్తాల చొక్కా, అన్నీ. ఫొటో పంపనా అని అడిగినట్టుంది అవతలి పిల్ల.

“వద్దమ్మా. ముందురోజు పగలు ఒకసారి వచ్చి చెయ్యి చూపించి వెళ్లండి.”

పిన్నీసులు ఇప్పుడు ప్లాస్టిక్ డబ్బాలో ఉన్నాయి. పని అయ్యాక ఇందు నన్ను కడిగి కిటికీలో బోర్లిస్తుంది. బోర్లిస్తే నా కళ్ళు పైకొస్తాయి. గుమ్మం కనిపిస్తుంది, పీట కనిపిస్తుంది, పీట మీద పడే ఎండ కనిపిస్తుంది. ఎవరొస్తారో తెలియదు. చూస్తున్నాను.