ఏడవని సీనులో గ్లిజరిన్ సీసా

నేను ఒక గ్లిజరిన్ సీసాని. మందుల కంపెనీలో పుట్టాను. మద్రాసులో మేకప్‌మ్యాన్ అప్పన్న నన్ను సినిమా తల్లుల కళ్ల కోసం కొన్నాడు. కంటికింద ఒక్క చుక్క రాస్తే చాలు, కొడుకు పోయినా, కోడలు వచ్చినా కన్నీళ్లు ఒకేలా కారేవి.

నన్ను ఎక్కువగా వాడింది మాణిక్యాంబ. ఆమె ఏడుపుకి పెట్టింది పేరు. అయినా ఏడాదిగా ఎవరూ వేషానికి పిలవలేదు. చివరికి పిలిచింది దివాకరం, కొత్తతరహా సినిమా తీస్తానంటున్న గడ్డం దర్శకుడు. సెట్టు వద్దని కాకినాడలో నిజమైన ఇల్లే అద్దెకు తీసుకున్నాడు, నిజమైన బొద్దింకలతో సహా. నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

"ఈ సీన్లో మీరు ఏడవరమ్మా" అన్నాడు.

"కొడుకు పోయాడన్నారుగా బాబూ?"

"పోయాడు. మీరు కిటికీలోంచి చూస్తూ కూచుంటారంతే."

"కిటికీలో వాడు కనపడతాడా?"

"ఏమీ కనపడదు."

"మరి చూడ్డం దేనికి?"

"గ్లిజరిన్‌కి కూడా గతిలేని కంపెనీలా ఉందమ్మా" అని గొణిగాడు అప్పన్న.

"కుదరదంటే చెప్పండమ్మా, వైజాగ్‌లో ఒక నాటకాలావిడ ఉన్నారు" అన్నాడు దివాకరం, ఎంతో మర్యాదగా.

ఈ వేషం పోతే మాణిక్యాంబకి ఇంకోటి లేదు. నోరు మూసుకుని కిటికీ ముందు కూర్చుంది. చివర్లో మనసు మార్చుకుని ఏడవమంటాడేమోనని నన్ను మాత్రం బొడ్లో దోపుకుంది.

కెమెరా తిరుగుతోంది. తిరుగుతూనే ఉంది. అతను కట్ చెప్పడే! మరిచిపోయాడా? కునుకు తీస్తున్నాడా? ఏడుపు కావాలనుకుని అడగడానికి మొహమాటపడుతున్నాడా? ఆమె చెయ్యి మెల్లిగా నా మూత మీదికొచ్చి ఆగింది. తూకం నమ్మక కూరలమ్మి తక్కెడని చూసినట్టు, ఓరగా కెమెరాని చూసింది.

"కట్! అబ్బ, ఆ చూపు! దేవుణ్ణే నమ్మని తల్లి!" అని గంతేశాడు దివాకరం.

"దేవుణ్ణి కాదు అప్పన్నా, ఇతగాణ్ణి" అంది ఆమె గొంతు తగ్గించి. వేషం మాత్రం నిలబడింది.

ప్రివ్యూ రోజుకీ నేను ఆమె బొడ్లోనే ఉన్నాను. కిటికీ సీను వచ్చేసరికి పక్కసీటావిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. మాణిక్యాంబ వంగి, ఆవిడ కంటికింద నా జిడ్డు మెరుస్తోందేమోనని చూసింది. లేదు.

"అక్కడెవరూ ఏడవట్లేదే, మీరెందుకండీ ఏడుస్తున్నారు?"

"ఆవిడ ఏడ్చేస్తే నేను ఊరుకుందునండీ!"

ఆ తర్వాత పెద్దపెద్ద కంపెనీల తల్లులు కూడా కిటికీలవైపు తిరిగారు. కన్నీరు రావాలి, కారకూడదు అన్నారు దర్శకులు. నా చుక్క సగానికి తగ్గింది. మాణిక్యాంబకి మాత్రం తీరిక లేనన్ని వేషాలు.

ఒకసారి దివాకరం రెండో సినిమాకి ఆమె నన్ను ఇంట్లోనే వదిలేసి వెళ్లింది. మళ్లీ కిటికీ, మళ్లీ మౌనం. తడుముకోవడానికి బొడ్లో నేను లేను. ఎవరు గుర్తొచ్చారో ఏమో, నిజంగానే భోరుమందట. కెమెరా ఆపించి అతనన్నాడట: "అమ్మా, ఇది మరీ పాతకాలం ఏడుపు."

ఈ సంగతి అప్పన్నతో చెబుతూ ఆమె నన్ను మళ్లీ బొడ్లో దోపుకుంది. ఇప్పుడు నా ఉద్యోగం ఏడిపించడం కాదు, ఏడవకుండా చూడటం.