కోడ్ర దారిలో దుంగలు

కొసొవోలో యుద్ధం ఆగి ఏడాది అయింది. ఒక సోమవారం పొద్దున కోడ్ర ఊరివాళ్ళు దారికి అడ్డంగా దుంగలు పడేసి, వాటి వెనక మూడు ట్రాక్టర్లు నిలబెట్టారు. కోడ్ర అల్బేనియన్ల ఊరు. దాన్ని దాటితేగాని పైనున్న సెర్బుల ఊరు సుహో పోలెకి పిండి, మందులు చేరవు. దారిలో కింది సగం జర్మన్ సైన్యం కాపలాలో ఉంది, పై సగం అమెరికన్ల కాపలాలో. రెండు దేశాలదీ ఒకే కూటమి. ఇద్దరికీ వచ్చిన ఆదేశమూ ఒకటే: దారి తెరిచి ఉంచాలి. ఎలా తెరవాలో మాత్రం అందులో రాయలేదు.

“ఇరవై నిమిషాల పని, మేజర్ గారూ,” అన్నాడు అమెరికన్ కెప్టెన్ వేడ్ టాలివర్. మనిషి తలుపంత ఉంటాడు, ముప్ఫై ఇంకా నిండలేదు. “నా బండి ఒక్కటి కదిలితే ఆ దుంగలు కాలవలో ఉంటాయి.”

“దుంగలు కాలవలో ఉంటాయి సరే. వాటిని వేసినవాళ్ళు ఎక్కడుంటారు?” అన్నాడు మేజర్ డెట్లెఫ్ హార్మ్స్. “నాకు మూడు రోజులు ఇవ్వు.”

“మా తాత మీ దేశం వచ్చినప్పుడు కబుర్లు చెప్పడానికి రాలేదు.”

“తెలుసు. మా నాన్న ఆయనకి ఎదురుపడే ఉంటాడు. అప్పటికి పదిహేడేళ్ళు. ఒక చెయ్యి అక్కడే వదిలేసి ఇంటికొచ్చాడు.”

నవ్వబోయిన టాలివర్ ఆగిపోయాడు. హార్మ్స్ ఆ మాట దెప్పడానికి అనలేదు. వాళ్ళింట్లో పిల్లలు బొమ్మ తుపాకీ పట్టుకున్నా నాన్న ఊరుకునేవాడు కాదు. కొడుకు సైన్యంలో చేరితే రెండేళ్ళు మాట్లాడలేదు.

“సరే, మూడు రోజులు,” అన్నాడు టాలివర్. “నాలుగో రోజు నేను అడగను.”

హార్మ్స్ దుభాషి మిమోజాని వెంటబెట్టుకుని కోడ్ర పెద్ద హైరిజ్ ఇంటికి వెళ్ళాడు. ఆ రోజంతా అక్కడ గడిచింది. కాఫీ వచ్చింది, పొగాకు వచ్చింది, ఊళ్ళో గొడవలన్నీ వచ్చాయి, అసలు మాట రాలేదు. మంగళవారం పొద్దున హైరిజ్ తనే మొదలుపెట్టాడు.

“యుద్ధంలో సెర్బులు మా ఊరివాళ్ళని పదకొండు మందిని తీసుకుపోయారు. అందులో నా కొడుకు అగ్రాన్ ఒకడు. సుహో పోలెలో దోబ్రివోయె అని ఉన్నాడు, మట్టి తవ్వే యంత్రం నడుపుతాడు. వాళ్ళని చంపి పూడ్చిన గుంట తవ్వింది వాడే.”

“అతని మీద కోపమా?”

“తల మీద తుపాకీ పెట్టి తవ్వించారు. నాకు తెలీదనుకున్నావా? వాడేమీ చెయ్యక్కర్లేదు. ఎక్కడ తవ్వాడో చెప్పమను. నా దుంగలు నేనే తీస్తాను.”

హైరిజ్ జీపుకి మాత్రం దారివ్వమన్నాడు. హార్మ్స్ కొండెక్కాడు. జీపు దోబ్రివోయె గుమ్మం ముందు రెండు గంటలు ఆగింది. దోబ్రివోయె భార్య ప్లం సారా పోసింది. ఆయన గ్లాసు ముట్టలేదు. “నాకేమీ తెలీదయ్యా,” అన్నాడు ఎన్నిసార్లు అడిగినా. బయటికి వస్తుంటే మిమోజా చెవిలో అంది: “సార్, ఎదురింటి కిటికీలోంచి చూస్తున్నారు.” హార్మ్స్ కూడా చూశాడు. ఒక సైనికుణ్ణి వదిలి వెళదామా అనుకున్నాడు. గుమ్మంలో తుపాకీ కనిపిస్తే ఆయన్ని అరెస్టు చేశారనుకుంటారని, వద్దనుకున్నాడు.

బుధవారం మధ్యాహ్నం దోబ్రివోయె పశువులపాక తగలబడింది. అంటించింది సొంత ఊరివాళ్ళే. ఆయన నోరు తెరిస్తే వాళ్ళలో కొందరి పేర్లు బయటికొస్తాయి. హార్మ్స్ చేరేసరికి టాలివర్ మనుషులు మంట ఆర్పేశారు. ఆవుని విప్పబోయి రెండు చేతులూ కాల్చుకున్న దోబ్రివోయె మెట్టు మీద కూర్చుని ఉన్నాడు.

టాలివర్ ముఖమంతా మసి. “మీ జీపుని ఊరంతా చూసింది,” అన్నాడు. “వెనక ఒక్క మనిషిని కూడా పెట్టకుండా వెళ్ళిపోయారు. ఇదివరకు నేను పనిచేసిన ఊళ్ళో మా పై అధికారులు వారం రోజులు చర్చించారు. ఆ వారంలో నేను మూడు కుటుంబాలని పాతిపెట్టాను, మేజర్. అందుకే నాకు తొందర.”

హార్మ్స్ వెళ్ళి మెట్టు మీద దోబ్రివోయె పక్కన కూర్చుని, “తప్పు నాది,” అన్నాడు. మిమోజా ఆ మాటని సెర్బియన్‌లోకి మార్చింది.

దోబ్రివోయె కట్టు కట్టిన చేత్తో టాలివర్‌ని చూపించాడు.

“ఆ పొడుగాయన ఇక్కడే ఉంటాడా?”

“అడుగుతాను.”

“ఆయనా, ఆయన బండీ. అలా అయితే చెబుతాను. కానీ ఆయనకి కాదు. హైరిజ్‌కి చెబుతాను. ఆయన మొహం చూసి చెప్పాలి.”

హార్మ్స్ లేచి టాలివర్ దగ్గరికి వెళ్ళాడు. తనకంటే పదిహేనేళ్ళు చిన్నవాణ్ణి, అందులోనూ నిన్నటిదాకా ఆపుతూ వచ్చినవాణ్ణి, సాయం అడగాలి. “నీ బండ్లు కావాలి. దుంగల దగ్గర కాదు, ఇక్కడ.”

“ఎన్నాళ్ళు?”

“తెలీదు.”

“పైవాళ్ళు నన్ను నమిలేస్తారు,” అన్నాడు టాలివర్. అంటూనే రెండు బండ్లని గుమ్మానికి చెరోవైపు నిలబెట్టించాడు.

గురువారం పొద్దున హైరిజ్ నడిచే వచ్చాడు, జీపు ఎక్కనన్నాడు. ఇద్దరు ముసలాళ్ళూ కాలిన పాక పక్కన నిలబడ్డారు. “పాత ఇటుకల బట్టీ వెనక, వాగు వైపు,” అన్నాడు దోబ్రివోయె. “మీవాడు చలి వేస్తోందన్నాడు. నా కోటు ఇవ్వబోయాను. ఇవ్వనివ్వలేదు.” హైరిజ్ తల ఊపాడు. మళ్ళీ ఊపాడు. ఆయన బట్టీ వైపు నడవబోతే ముందుగా చెయ్యి పట్టుకున్నది టాలివరే.

ఆ సాయంత్రం హైరిజ్ తన ట్రాక్టరుతోనే దుంగలు లాగేశాడు. పిండి లారీలు పైకి వెళ్ళాయి.

బట్టీ వెనక తవ్వకానికి ఆరు వారాలు పట్టింది. తొమ్మిది మంది దొరికారు, అగ్రాన్ మొదటి వారంలోనే దొరికాడు. దోబ్రివోయె మాత్రం అంతవరకు అక్కడ లేడు. ఊరు ఆయనతో మాట్లాడడం మానేసింది. రెండో వారంలోనే భార్యని, ఆవుని, ఒక పొయ్యిని లారీలో ఎక్కించుకుని సరిహద్దు దాటి వెళ్ళిపోయాడు. ముందు అమెరికన్ బండి, వెనక జర్మన్ జీపు సరిహద్దుదాకా తోడు వెళ్ళాయి.

తిరిగొచ్చేటప్పుడు టాలివర్ హార్మ్స్ జీపులోకి ఎక్కాడు.

“మొదటి రోజే నా బండ్లు ఆయన ఇంటి ముందు పెట్టుంటే?”

“పెట్టాల్సింది.”

“మీరు ఒప్పుకునేవారా?”

“లేదు,” అన్నాడు హార్మ్స్.

కోడ్ర దగ్గర హైరిజ్ గేటు తెరిచే ఉంది. వాకిట్లో కుర్చీలు వేసి, పరామర్శకి వచ్చేవాళ్ళ కోసం ఆయన ఎదురుచూస్తున్నాడు. ఇద్దరూ టోపీలు తీసి లోపలికి వెళ్ళారు.