నీలినీళ్ల బిందె

గొర్రెలు పోగొట్టుకున్న మనిషి మీదే దొంగతనం కేసు పెట్టారు. ఇంతకన్నా సిగ్గుమాలిన పని ఇంకొకటుందా? తిరుపాలమ్మను పోలీసు స్టేషన్ వరండాలో కూర్చోబెట్టి, పక్కనే ఒక ప్లాస్టిక్ బిందెను సాక్ష్యంగా పెట్టారు. బిందెలో నీలం నీళ్లు.

ఆ నీళ్లు ముదిగుబ్బ పక్కనున్న రాగి గనివి. కంపెనీ రాతిగుట్టల మీద యాసిడ్ చల్లి, కారిన నీళ్లలోంచి చాలావరకు రాగి తీసుకుని, మిగిలినవి కంచె లేని గుంటలోకి వదిలేది. ముసురుకు గొర్రెల గిట్టలు కుళ్లితే మైలుతుత్తం కలిపిన నీళ్లలో నడిపించడం తిరుపాలమ్మ అత్తగారి కాలం నుంచీ ఉన్నదే. గుంట నీలంగా కనిపించేసరికి మందు ఊరికే దొరికిందనుకుని మందను దించింది. గిట్టల పైన తోలు ఊడొచ్చింది. కాళ్లు నాక్కున్న గొర్రెలు నురగ కక్కి చచ్చాయి. తన చేతులతోనే దించానన్న బాధతో ఆమెకు ముద్ద దిగడం లేదు.

గుంటకు కంచె వేయమని గేటు దగ్గరికి పోతే, అవి పనికిమాలిన నీళ్లని, ఎవరు దించమన్నారని మేనేజరు కసిరాడు. కలెక్టరుకు చూపిద్దామని ఆమె బిందె నింపుకుని బస్సెక్కబోతే పట్టించాడు. ఫిర్యాదులో మాత్రం ఆ నీళ్లు విలువైనవట.

ఊరివాళ్లతో వచ్చిన తిప్పేష్ కంపెనీ కొత్త షెడ్డులో కూలీ. సంగతి అతనే చెప్పాడు.

"నిజమే పెద్దమ్మా. రాగి తీసినాక మిగిలిన నీళ్లలోంచి ఇంకేవో అరుదైన లోహాలు తీస్తాండారు. టీవీల్లోకి, సెల్లుల్లోకి పోతాయంట."

చేతులు చూపించాడు. అరచేతుల్లో తోలు లేదు.

ఇద్దరు కొడుకుల్ని ఆ పనికే పంపిన రామప్ప మాత్రం క్షమాపణ చెప్పుకుని బయటపడమన్నాడు. గుంట ఊటతో ఊరి బావినీళ్లు పులుస్తున్నాయని గంగప్ప అతని మీదికి లేచాడు. కేకలు పెరిగేసరికి కానిస్టేబులు లాఠీతో అందరినీ తరిమేశాడు. వెళుతూ వెళుతూ రామప్ప తిప్పేష్ చేతులవైపే చూశాడు.

తప్పు తనదేనని కాగితం మీద వేలిముద్ర వేస్తే ఇంటికి పంపిస్తానన్నాడు ఎస్సై. తిరుపాలమ్మ చెయ్యి చాపలేదు. ఊరు తనను వదిలేసిందనే అనుకుంది.

మధ్యాహ్నానికి ఊరు ఊరంతా వచ్చింది. ప్రతి నెత్తినా నీలినీళ్ల బిందె. ముందు రామప్ప.

"నా కొడుకుల చేతులూ అట్లే ఉండాయి సారూ," అంటూ బిందె దించాడు. "నేనూ దొంగనే. రాసుకో."

వరండా నిండింది. మెట్లు నిండాయి. తిరుపాలమ్మ లేచి నిలబడింది.

"ఇవి పనికిమాలిన నీళ్లయితే మమ్మల్ని ఇడిసిపెట్టు సారూ. విలువైనవయితే, కంచె గూడా ఎయ్యకుండా మా గొర్రెల్ని చంపినోన్ని తెచ్చి ఈడ కూసోబెట్టు."

ఎస్సై పెన్ను మూత తీయలేదు. రోడ్డు మీద బిందెలు ఇంకా వస్తూనే ఉన్నాయి.