సగం చుక్క

సీతాబాయికి ఒక అలవాటు ఉంది. ఏ వస్తువు చేతికొచ్చినా ముందు తిరగేసి వెనకవైపు చూస్తుంది. సనత్‌నగర్ ఫ్యాక్టరీలో పంతొమ్మిదేళ్లు బోర్డులకు టంకం పెట్టి, ఆ తర్వాత చెకింగ్ బల్ల దగ్గర కూర్చున్న మనిషి ఆమె. "ముఖానికి అందరూ పౌడరు రాసుకుంటరు. వీపు జూడాలె" అనేది.

అందుకే ఆ రోజు కూతురు సంగీత ఇంటికొచ్చి, చెప్పులైనా విడవకుండా గోడకు ఆనుకుని కూలబడితే, సీతాబాయి ఆ పిల్ల ముఖం చూడలేదు. భుజాన ఉన్న సంచి చూసింది. దాని జిప్పు తెగి ఉంది.

సంగీత అమీర్‌పేటలో హార్డ్‌వేర్ కోర్సు చేసి, ఆ గల్లీలోనే కృష్ణమోహన్ దుకాణంలో పనికి కుదిరింది. ఆఫీసులకు వెళ్లి కంప్యూటర్లలో టెలిఫోన్ కార్డులు బిగించడం ఆమె పని. ఆ కార్డు ఉంటే ఆఫీసుకున్న ఫోను లైన్లన్నీ కంప్యూటర్‌లోకే వస్తాయి. ఎవరు ఫోను చేసినా కంప్యూటరే ఎత్తి, బదులు చెప్పి, కావలసిన మనిషికి కలుపుతుంది. 2006లో ప్రతి చిన్న ఆఫీసూ పెద్ద కంపెనీలా వినిపించాలని ఉబలాటపడేది. కార్డులకు గిరాకీ అంతా ఇంతా కాదు. వాటిలో ఒరిజినల్‌ ఉండేది, డూప్లికేటూ ఉండేది. ఒరిజినల్‌ ధర పెట్టి కొన్న ఆరు ఆఫీసులవాళ్లు, తమ పెట్టెల్లో ఉన్నది డూప్లికేటని కనిపెట్టి ఒకరి వెనక ఒకరు దుకాణం మీదికొచ్చారు.

కృష్ణమోహన్ తొణకలేదు. "నేను ఒరిజినలే ఇచ్చిన సార్. బిగించింది గీ పిల్ల. నడుమ ఏం జేసిందో గామెనే అడుగున్రి" అంటూ సంగీత సంచి లాక్కుని కౌంటరు మీద బోర్లించాడు. స్క్రూడ్రైవరు, టిఫిన్ డబ్బా, దువ్వెన, ఆడపిల్ల నెలసరికి దాచుకున్న పొట్లం, అన్నీ పదిమంది మగాళ్ల ముందు పడ్డాయి. కార్డు మాత్రం దొరకలేదు. "ఎప్పుడో అమ్మేసుకున్నది కావచ్చు" అని నవ్వాడు. ఆ ఒక్క మాట చాలింది. అమీర్‌పేటలో ఏ దుకాణమూ మళ్లీ సంగీతను మెట్లెక్కనివ్వలేదు. రెండు నెలలుగా ఆ పిల్ల బల్కంపేటలో తాముండే గది గడప దాటలేదు.

ఒక సాయంత్రం సంగీత ట్రంకుపెట్టెలోంచి పాత కార్డొకటి తీసి తల్లికిచ్చింది. పని నేర్చుకునేటప్పుడు దుకాణం చెత్తలో దొరికిన డూప్లికేటు అది. సీతాబాయి వెనక్కి తిప్పింది.

"ఛీ. టంకం పెట్టినంక కడగను సుత కడగలే. జిగట ఇంకా వేళ్లకు అంటుతున్నది. టంకం జూడు, ముద్దలు ముద్దలు. గీడ జూడు బిడ్డా, ఆరు ఇండ్లు గీసిన్రు, ఒక్క ఇంట్ల మనిషి లేడు."

"ఒరిజినల్ల గా జాగల సామాన్లుంటయమ్మా. గవి లేకుంటే అవతలోళ్లు ఫోను పెట్టేసిన సంగతి కార్డుకు తెల్వది. లైను పట్టుకోని అట్లనే కూసుంటది. ఎవరు చేసినా ఎంగేజే వస్తది."

"నువ్వు బిగించింది ఏది?"

"ఒరిజినలే. నా కండ్లతోని జూసి బిగించిన. వారం తర్వాత సర్వీసు అని సార్ ఒక్కడే పోతుండె. ఇంట్ల కూసోని అన్నీ కలుపుకుంటే ఇప్పుడు సమజైంది. ఆయన దగ్గర ఉన్న ఒరిజినల్ ఒక్కటే. గా భుజం సంచి కిందికి దింపడు. గా ఒక్క కార్డే ఊరంతా తిరుగుతున్నది."

"గిది నలుగుర్ల చెప్పరాదు?"

"ఎవరు నమ్ముతరమ్మా, దొంగ అన్నంక."

సీతాబాయి తర్వాతి కార్డు ఎవరికి బిగించబోతున్నారో మాత్రం అడిగింది. పంజాగుట్టలో చలపతిరావు ట్రావెల్స్ అని, తాను పనిలో ఉన్నప్పుడే ఆ బేరం కుదిరిందని, బిగించడమే ఆగిందని సంగీత చెప్పింది. మూడో రోజుకల్లా సీతాబాయి ఆ ట్రావెల్స్ ఆఫీసులో చీపురు పట్టింది.

కార్డు బిగించడానికి కృష్ణమోహనే వచ్చాడు. కార్డును బల్ల మీద పేపరు పరిచి పెట్టాడు. సీతాబాయి తడిగుడ్డతో బల్ల కాళ్లు తుడుస్తూ ఓరగా చూసింది. టంకం చుక్కలు ఆవగింజలు పేర్చినట్టు ఒక్క తీరున మెరుస్తున్నాయి. అంచు అద్దంలా నున్నగా ఉంది. గీసిన ప్రతి ఇంట్లోనూ మనిషి ఉన్నాడు. దాని మీది ఇంగ్లీషు అక్షరాలు ఆమెకు రావు. చదవాల్సిన పనీ లేదు. ఏ దేశంలో ఏ ఆడమనిషి చేసిందో, చేతులు మంచివి అనుకుంది.

"ఏయ్, తడిగుడ్డ దూరం పెట్టు" అన్నాడు కృష్ణమోహన్, తలెత్తకుండానే. చీపురు పట్టిన మనిషి ముఖం ఎవరు చూస్తారు?

అతను వెళ్లాక సీతాబాయి బల్ల వెనక్కి దూరింది. కార్డు చివరి రేకు కంప్యూటర్ పెట్టె వీపు మీద బయటికి కనబడుతూ ఉంటుంది. కొంగున ముడేసుకున్న గోళ్ల రంగు సీసా తీసి ఎర్రచుక్క ఒకటి పెట్టింది. సగం రేకు మీద, సగం పెట్టె మీద. ఫ్యాక్టరీలో చెకింగ్ అయిన ప్రతి పెట్టెకూ అలాగే పెట్టేవాళ్లు. ఎవరైనా విప్పితే చుక్క రెండు ముక్కలవుతుంది. మళ్లీ ఎంత బాగా బిగించినా, విప్పిన సంగతి చుక్క చెబుతుంది.

వారం గడిచింది. చెక్కు అందుకున్న మర్నాడు, శనివారం, కృష్ణమోహన్ సర్వీసంటూ ఒక్కడే వచ్చి పోయాడు. సోమవారం పొద్దున ఊడుస్తూ సీతాబాయి బల్ల వెనక వంగి చూసింది. పెట్టె మీద సగం చుక్క ఉంది. రేకు కడిగిన గిన్నెలా ఉంది.

రెండు నెలల్లో మొదటిసారి ఆమె కడుపు చల్లబడింది. నోరు మాత్రం విప్పలేదు. రెండో సగం అతని సంచిలో ఉంది. ఆ సంచి ఆ కౌంటరు మీద, ఆ పదిమంది ముందు బోర్లపడేదాకా, ఈ సగం ఉత్త మరకే.

ఆ రోజు నుంచే ట్రావెల్స్‌లో ఫోన్లు మొరాయించాయి. ఎవరు చేసినా ఎంగేజే. ఫోన్ల దగ్గర కూర్చునే పిల్ల పేరు మంజూష. తెనాలి వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉంటోంది.

"ఎవరితోనమ్మా అంతంతసేపు కబుర్లు?" అన్నాడు చలపతిరావు.

"ఎవరితోనూ కాదండి. వాళ్లు పెట్టేసినా లైను పోవట్లేదండి."

"పొమ్మంటే పోకుండా కూర్చోడానికి అదేమన్నా మా బావమరిదా?"

మంగళవారం మందలించాడు. బుధవారం టికెట్ల కోసం వచ్చిన జనం ముందే, "ఏంటమ్మా, లైన్లో ఉన్న మీవాడికి చెప్పు, మేం బస్సు టికెట్లు కూడా అమ్ముకోవాలి అని" అన్నాడు. వచ్చినవాళ్లు నవ్వారు. మంజూష బాత్రూంలోకి వెళ్లి నీళ్ల పంపు గట్టిగా తిప్పింది. తలుపు బయట సీతాబాయి బకెట్‌తో నిలబడి ఉంది. ఒక్క మాట గొంతుదాకా వచ్చింది. ఆ మాట చలపతిరావు చెవిన పడితే గంటలో కృష్ణమోహన్‌కు ఫోను వెళ్తుంది. సంచిలోని కార్డు మాయమవుతుంది. ఆమె గుడ్డను బకెట్లో ముంచి, నీళ్లు చుక్క మిగలకుండా పిండింది.

గురువారం కృష్ణమోహన్ ఫోనులో చెప్పాడు, మిషను తన దగ్గరికే తెమ్మని. "పద మంజూషా, నీ ముందే తేలుస్తా. సీతాబాయీ, పెట్టె పట్టుకో" అన్నాడు చలపతిరావు. ఆటోలో అమీర్‌పేట చేరేదాకా సీతాబాయి పెట్టెను ఒళ్లో పసిపిల్లలా పట్టుకుని కూర్చుంది.

కృష్ణమోహన్ మూత విప్పి, లోపలికి చూసి, నాలుక కరుచుకున్నాడు.

"గిది నేనిచ్చింది కాదు సార్. డూప్లికేటు. ఎవరో మార్చిన్రు. కంప్యూటర్ కాడ కూసునేది ఎవరు?"

చలపతిరావు మంజూష వైపు చూశాడు.

"ఇంకేంది మరి. మా తాన సుత ఒక పిల్ల గిట్లనే చేసింది. పెంటయ్యన్న కండ్లార చూసిండు, అడుగున్రి. జర సంచి జూద్దాం" అన్నాడు కృష్ణమోహన్.

గల్లీలో టీ అమ్మే పెంటయ్య అప్పుడే గ్లాసులతో వచ్చి, ఆ మాటకు తల దించుకున్నాడు. మంజూష సంచిని గుండెకు అదుముకుంది. కృష్ణమోహన్ లాగాడు. జిప్పు తెగింది. బస్‌పాసు, దువ్వెన, మడతపెట్టిన ఉత్తరం, దాంతోపాటు అలాంటి పొట్లమే. కొన్ని కౌంటరు మీద, కొన్ని నేల మీద పడ్డాయి. పక్క దుకాణాలవాళ్లు మూగారు.

సీతాబాయి చేతులు పెట్టె మీదే ఉన్నాయి. ఆమె వాటిని లేపలేదు. ఇంకొక్క మాట రావాలి.

"ఎప్పుడో అమ్మేసుకున్నది కావచ్చు" అన్నాడు కృష్ణమోహన్.

"అయిందా సారూ?" అంది సీతాబాయి. అతను మొదటిసారి ఆమె ముఖం చూశాడు. "ఇగ నీ సంచి తియ్యి."

"ఎవరు సార్ గీమె?"

"ఊడ్చేదాన్ని. సంగీత తల్లిని."

పెట్టెను వీపు ముందుకొచ్చేలా తిప్పి చలపతిరావుకు చూపింది. "కార్డు బిగించిన్నాడు నేను పెట్టిన చుక్క సార్. సగం పెట్టె మీద, సగం కార్డు రేకు మీద. ఒక సగం గీడున్నది. రెండోది గా పిల్ల సంచిల రాలే. ఇగ ఒక్క సంచే మిగిలింది."

"చుక్కలు, ముగ్గులు. ఊడ్చేదాని మాట పట్టుకోని మీరు సుత..." కృష్ణమోహన్ నవ్వాడు. నోరు నవ్వుతుండగానే చెయ్యి భుజం పట్టీ మీదికి పోయింది. చలపతిరావు పాతికేళ్లు వ్యాపారం చేసినవాడు. మాట వినలేదు, చెయ్యి చూశాడు.

"చెయ్యెందుకయ్యా అక్కడికి పోయింది? తియ్యి."

పెంటయ్య గ్లాసులు కింద పెట్టాడు. "తియ్యి భాయ్. గా పిల్లది జూసినం, గీ పిల్లది జూసినం. నీది సుత జూద్దాం."

కృష్ణమోహన్ గొంతు తగ్గించాడు. "అమ్మా, జర లోపలికి రా. మాట్లాడుకుందాం."

"నా బిడ్డ సంచి లోపలనే విప్పినవా?"

సీతాబాయి అతని సంచి లాగి కౌంటరు మీద బోర్లించింది. పేపర్లో చుట్టిన డూప్లికేట్లు నాలుగు, మంచి కవర్లో విడిగా ఒకటి పడ్డాయి. ఆ ఒక్కదాన్నీ అంచులు పట్టుకుని బయటికి తీసింది. రేకు అంచున ఎర్రగా సగం చుక్క. "మీరే పెట్టి జూడున్రి" అని చలపతిరావు చేతికిచ్చింది. అతను రేకును పెట్టె అంచుకు ఆనించాడు. రెండు సగాలూ కలిసి చుక్కయింది.

పై అంతస్తులో కోచింగ్ సారు మైకు మోగుతూనే ఉంది.

"ఎవరు మార్చిన్రు?" అని సీతాబాయి కృష్ణమోహన్‌ను అడిగింది.

"నేనే."

"మెట్ల మీదున్నోళ్లకు వినపడలే."

"నేనే మార్చిన. సంగీత దొంగ కాదు."

"ఆరు ఆఫీసులకు గిదే చెప్పు. ఇప్పుడే, మా ముందర."

అతను ఆరు ఫోన్లు చేశాడు. ప్రతిసారీ ముందు సంగీత పేరు చెప్పించింది. ఒకచోట "స్టాఫ్" అన్నాడు. ఫోను పెట్టించి మళ్లీ చేయించింది. ఆరోది అయ్యేసరికి అతని చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"ఇగ గా పిల్ల సామాను ఏరు."

కృష్ణమోహన్ వంగాడు. పాసు తీశాడు, దువ్వెన తీశాడు. పొట్లం దగ్గర చెయ్యి ఆగింది.

"గది సుత. పారేసిన చెయ్యే ఏరాలె."

ఏరాడు. గల్లీ అంతా చూస్తుండగా మోకాళ్ల మీద కూర్చుని ఏరాడు. సీతాబాయి చివరిదాకా, కన్నార్పకుండా చూసింది.

"సరేలేమ్మా, రేపు మామూలుగా డ్యూటీకి వచ్చెయ్" అన్నాడు చలపతిరావు, మంజూష వైపు చూడకుండా. మంజూష సంచి తీసుకుని మెట్లు దిగుతూ సీతాబాయి దగ్గర ఆగింది.

"మీకు ఎప్పటి నుంచి తెలుసు ఆంటీ?"

"సోమారం సంది."

"సోమ, మంగళ, బుధ" అంది మంజూష మెల్లగా. తెగిన జిప్పును చేత్తో మూసిపట్టుకుని బస్టాపు వైపు వెళ్లిపోయింది.

ఇంటికి వచ్చాక సీతాబాయి జరిగిందంతా కూతురికి చెప్పింది. సంగీత రెండు నెలల తర్వాత నవ్వింది. మోకాళ్ల మీద ఎట్ల ఏరిండో మళ్లొకసారి చెప్పమంది. సీతాబాయి మళ్లీ చెప్పింది. అతను ఏరింది మంజూష సామాను అనలేదు, తన సంచిలోంచి పడ్డ కార్డులనే అని రెండుసార్లూ చెప్పింది. మంజూష సంచి మీద అతని చెయ్యి పడకముందే తాను అడ్డం పోయినట్టు కూడా, రెండుసార్లూ చెప్పింది.