బంద్ చేయని పేజీ

సైదాబాద్ నుంచి లాల్‌దర్వాజా పెద్ద దూరమేమీ కాదు. కానీ బోనాల ముందర ఆ గల్లీల్లో స్కూటీ తోలడం కంటే దాన్ని ఎవరింటి ముందైనా పారేసి నడవడమే నయం. అన్వర్ ప్రెస్సు మెట్లెక్కేసరికే, కంప్యూటర్లు బాగుచేసే భాగ్యశ్రీ ఓపిక సగం అయిపోయింది. పొద్దుటి నుంచి తిరిగిన దుకాణాలన్నిట్లో ఒకటే పాట, కంప్యూటర్ నడుస్తలేదని. చూసుకునేవాళ్లు సరిగ్గా ఉంటే అదెందుకు నడవదు?

అన్వర్ పెళ్లికార్డులు, పిలుపు కాగితాలు అచ్చువేస్తాడు. తెలుగూ ఉర్దూ రెండూ కూర్చే అతని సాఫ్ట్‌వేర్ పాతకాలపుది, కొత్త కంప్యూటర్లలో ఎక్కదు. అందుకే పాత కంప్యూటర్ చెడిపోయినప్పుడు భాగ్యశ్రీ దాని డిస్కంతా ఉన్నదున్నట్టు ఒక పెద్ద ఫైలుగా చేసి, కొత్తదాని కడుపులో పెట్టి నడిపించింది. వర్చువల్ మెషీన్ అనడానికి నోరు తిరగక అన్వర్ దానికి లోపలి డబ్బా అని పేరు పెట్టుకున్నాడు.

ఇప్పుడు ప్రింటర్ మారింది. దాన్ని నడిపించే డ్రైవర్ ప్రోగ్రాం, కొత్త ఫాంట్లు లోపలి డబ్బాకు చేరితే తప్ప ఒక్క కార్డు కూడా బయటికి రాదు. పెన్‌డ్రైవ్ పెడితే అది గుర్తుపట్టదు. మెషీన్‌ను పూర్తిగా ఆపి, ఆ డిస్కు ఫైలును బయటి నుంచి తెరిచి, కావలసినవి అందులో పెట్టి మూయాలి. వేరే దారి లేదు.

ప్రింటర్ వైర్లు బిగిస్తూనే అడిగింది. "చాచా, లోపలిది బంద్ చేసిన్రా?"

"అయ్యింది బేటా. నువ్వు కానియ్యి."

మెషీన్ ఆపకుండా డిస్కులో చెయ్యి పెట్టొద్దని ఊరందరికీ చెప్పేది ఆమే. పూర్తిగా ఆపినట్టా, తెరిచిన పని తెరిచినట్టే ఉంచి పండబెట్టినట్టా అనేది తెర మీద ఓ మూల రాసే ఉంటుంది. ఆ రోజు ఆ ఒక్క ముక్క చదవడానికి కూడా ఆమెకు ఓపిక లేదు. అలవాటు కొద్దీ డిస్కు ఫైలుకు ఒక నకలు మాత్రం తీసి పక్కన పెట్టింది. తర్వాత అసలుది తెరిచింది, అన్నీ లోపల పెట్టింది, మూసింది, మెషీన్ లేపింది.

మొదటి నుంచి మొదలు కావలసిన తెర నేరుగా ఒక పేజీ దగ్గర తెరుచుకుంది. ఎప్పటిదో బోనాల పిలుపు. "గల్లీ వాసులందరూ కుటుంబ సమేతంగా విచ్చేసి అమ్మవారి" అన్నంత వరకు ఉంది. పక్కన సన్నటి గీత మిణుకుమిణుకుమంటోంది. కొత్త ఫాంట్ల చోట అర్థం లేని పేర్లు. పాత ఫైళ్లు ఏది నొక్కినా తెరుచుకోవడం లేదు.

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది ఆమె పని.

"పండబెట్టిన్రా చాచా? బంద్ అయ్యిందన్నరు గద."

అన్వర్ తల ఎత్తలేదు. "ఆమె కొట్టింది గది. తెలుగు నాకన్న ఆమెకే మంచిగొస్తుండె. అన్నం తిని వస్త, బంద్ చెయ్యకు అని లేసిపోయింది."

ఆ మధ్యాహ్నమే అన్వర్ భార్య ఖైసర్ బేగం గుండె ఆగి చనిపోయిందని భాగ్యశ్రీకి తెలుసు. అప్పటి నుంచి ఆమె భర్త రోజూ మెషీన్‌ను పండబెట్టి, పొద్దున లేపి, ఆ పేజీని పక్కకు జరిపి తన పని చేసుకుంటున్నాడన్నది మాత్రం ఇప్పుడే తెలిసింది.

"సేవ్ చేసుకుంటే అయిపోతుండె గద."

"సేవ్ చేస్తే ఫైల్ అయితది బేటా. గిట్లుంటే పని మధ్యల లేసిపోయినట్టుంటది."

అబద్ధం ఆడినందుకు అతని మీద కోపం రావాలి. రాలేదు. చూసుకోనందుకు తన మీదే వచ్చింది. ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

"పని ఆగది చాచా, నకలున్నది. అండ్ల మళ్ల ఎక్కిస్త. కానీ అది కొత్తగ మొదలైతది, ఈ పేజీ ఉండది. కావాలంటే దీన్ని గిట్లనే పండబెట్టి పక్కకు పెడ్త. డిస్క్ ఖరాబైంది, ఎన్నిసార్లు లేస్తదో చెప్పలేను."

అన్వర్ తెర వైపు వేలు చూపించాడు. "మనం కొత్తయి పెట్టినమని దీనికి తెల్వదా?"

"తెల్వది. పండుకున్నప్పుడు ఎట్లుండెనో గట్లనే ఉన్నదనుకొని లేస్తది. పాతదే రాసుకుంట పోతది. గందుకే అంత ఖరాబ్ చేసుకున్నది."

"నా లెక్కనే," అన్నాడు అన్వర్.

బయట ఎవరో డప్పు కొట్టి చూసుకుంటున్నారు.

అన్వర్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "అమ్మవారి అన్నంక ఏమొస్తది బేటా?"

"ఆశీస్సులు పొందగలరు, అని రాస్తరు."

ఒక్క వేలితో, అక్షరం అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. భాగ్యశ్రీ సాయం చేయబోయి ఆగిపోయింది. చివర చుక్క పెట్టి మొదటి నుంచి ఒకసారి చదువుకున్నాడు.

"సగంల ఇడిసిపెట్టుడు ఖైసర్‌కు నచ్చకపోతుండె."

"పండబెట్టాల్నా చాచా?"

"వద్దు. పూరా బంద్ చెయ్యి. ఇగ ఎవరొస్తరు."

భాగ్యశ్రీ పక్కకు జరిగింది. అన్వరే మౌస్ అందుకున్నాడు.